శక్తి పుట్టేదీ పొర మీదే, ఖర్చయ్యేదీ పొర మీదే

చెన్నైలో మే నెల. తాంబరంలో ఒకాయనకు పొద్దున్న ఏడింటికి పరగడుపున రక్తం తీశారనుకుందాం. తీసిన మనిషి ఇంకో నాలుగిళ్లు తిరిగి, ట్రాఫిక్ దాటుకుని, పదింటికి ఆ గొట్టాన్ని ల్యాబులో అప్పగించాడు. ఏడింటికి ఆ రక్తంలో చక్కెర డెసిలీటరుకు 130 మిల్లీగ్రాములు. గొట్టంలో ఏ మందూ లేకపోతే, కణాలను వెంటనే వేరుచేయకపోతే, గది వేడిలో ఆ చక్కెర గంటకు 5 నుంచి 7 శాతం చొప్పున తరిగిపోతుంది. పదింటికి యంత్రం చూపించే అంకె 108 దగ్గర ఉంటుంది. పరగడుపు చక్కెర 126, ఆపైన ఉంటే మధుమేహం కింద లెక్క. ఆ గీత దాటినాయనకు, ఇంకా దాటలేదని రిపోర్టు వస్తుంది. యంత్రం తప్పేమీ లేదు. ఒంట్లోంచి బయటికొచ్చాక కూడా రక్తకణాలు బతికే ఉన్నాయి. బతకడానికి గొట్టంలో ఉన్న గ్లూకోజునే వాడుకున్నాయి.

సరే, ఐసు పెట్టెలో పెట్టి తెస్తే? చక్కెర తరుగుదల బాగా నెమ్మదిస్తుంది. కానీ అదే రక్తంలో పొటాషియం కూడా చూడాల్సి ఉంటే ఇంకో చిక్కు మొదలవుతుంది. చలిలో పొటాషియం కణాల్లోంచి బయటికి కారుతుంది. కణాలను వేరుచేయకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన రక్తంలో, లీటరుకు 4 మిల్లీమోల్ ఉండాల్సిన పొటాషియం 6 దాటి కనిపించవచ్చు. ఆ అంకె నిజమే అయితే రోగిని వెంటనే ఆస్పత్రిలో చేర్చాలి. పోనీ వేడిలోనే వదిలేస్తే, మొదటి కొన్ని గంటలు పొటాషియం ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. గ్లూకోజు అయిపోయాక అదీ పైకి ఎగబాకుతుంది.

చక్కెరకు చలి మేలు, పొటాషియానికి చలి చేటు. చూడ్డానికి రెండూ వేర్వేరు తగాదాలు. మూలం మాత్రం ఒకటే. కణం గ్లూకోజును కరిగించి శక్తి తీసేది దేనికంటే, అన్నిటికంటే ముందు, తన పొరకు లోపల ఒకలా బయట ఒకలా ఉండే తేడాను నిలబెట్టుకోవడానికి. ఇంటర్ పుస్తకాల్లో శ్వాసక్రియ ఒక పాఠం, పదార్థాల రవాణా ఇంకో పాఠం. రెండిటినీ విడదీసి చెప్పడం వల్లే రెండూ బట్టీపట్టే పాఠాలుగా మిగిలిపోతున్నాయి. చాలా కణాల్లో శక్తి తయారీ అంటేనే ఒక పొర మీదుగా ప్రోటాన్లను, అంటే హైడ్రోజన్ అయాన్లను, తోయడం. ఆ శక్తిలో పెద్ద వాటా మళ్లీ ఇంకో పొర మీదుగా సోడియం, పొటాషియంలను తోయడానికే పోతుంది.

గొట్టంలో ఏం జరుగుతోంది

ఎర్రరక్తకణానికి కేంద్రకం లేదు, ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా లేదు. ఒళ్లంతటికీ ఆక్సిజన్ మోసుకెళ్తుంది గానీ తాను శక్తి తీసుకోవడానికి అందులో ఒక్క అణువునూ వాడుకోలేదు. దానికి ఉన్న దారి ఒక్కటే, గ్లైకాలిసిస్. గ్లూకోజును పది మెట్లలో పైరువేట్‌గా విరగ్గొట్టి, దాన్ని లాక్టేట్‌గా మార్చడం. కణం ఖర్చుపెట్టే శక్తి నాణేల్లాంటి అణువులు ఏటీపీలు. రెండు ఏటీపీలు పెట్టుబడి పెడితే నాలుగు వస్తాయి, నికరంగా మిగిలేది రెండు. ఈ రెండింటితోనే ఆ కణం సుమారు 120 రోజులు బతుకుతుంది.

ఈ మొదటి దశలోనే పొర పాత్ర స్పష్టంగా కనిపిస్తుంది. కణత్వచం కొవ్వు అణువులు రెండు వరసలుగా అమరిన పొర, మందం సుమారు 5 నానోమీటర్లు. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ దాన్ని సులువుగా దాటతాయి. నీటిని ఇష్టపడే గ్లూకోజు దాటలేదు. అందుకని పొరలో గ్లూట్-1 అనే ప్రొటీను ఉంటుంది. అది ఒకవైపు తెరుచుకుని గ్లూకోజును పట్టుకుంటుంది, ఆకారం మార్చుకుని రెండోవైపు వదులుతుంది. దీనికి శక్తి ఖర్చు లేదు, కానీ ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకే నడుస్తుంది. మరి లోపలికి వచ్చిన గ్లూకోజు మళ్లీ బయటికి పోకుండా ఎలా ఆగుతుంది? లోపలికి అడుగుపెట్టగానే హెక్సోకైనేజ్ అనే ఎంజైము ఒక ఏటీపీని ఖర్చుపెట్టి గ్లూకోజుకు ఫాస్ఫేటు తగిలిస్తుంది. విద్యుదావేశం వచ్చిన ఆ అణువు ఇక గ్లూట్-1లో పట్టదు, కొవ్వు పొరనూ దాటలేదు. లోపల మామూలు గ్లూకోజు ఎప్పుడూ తక్కువగానే ఉంటుంది కాబట్టి బయటి నుంచి ప్రవాహం ఆగదు.

గొట్టంలో దీన్ని ఆపడానికి బూడిద రంగు మూత గొట్టాల్లో సోడియం ఫ్లోరైడు వేస్తారు. ఫ్లోరైడు అడ్డుకునేది ఈనొలేజ్‌ను, అంటే తొమ్మిదో మెట్టును. దానికి ముందున్న ఎనిమిది మెట్లూ ఇంకా కొంతసేపు నడుస్తూనే ఉంటాయి. అందువల్ల మొదటి గంట, రెండు గంటల్లో చక్కెర ఇంచుమించు మామూలు గొట్టంలో లాగే తరుగుతుంది, ఆ తర్వాతే నిలకడపడుతుంది. బూడిద మూత గొట్టంలో పోశాం కదా, మధ్యాహ్నం దాకా ఏమీ కాదు అనుకోవడం సగమే నిజం. సిట్రేట్ కలిపిన గొట్టాలు మెరుగైనవి. అవి రక్తాన్ని కాస్త పుల్లబరిచి హెక్సోకైనేజ్‌ను, అంటే మొదటి మెట్టునే, దాదాపు వెంటనే ఆపేస్తాయి. అవి దొరకని చోట, తీసిన అరగంటలో సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాలను వేరుచేయడమే సరైన పద్ధతి. తెల్లకణాలు విపరీతంగా పెరిగిన ల్యుకీమియా (రక్త క్యాన్సర్) రోగుల రక్తంలో చక్కెర ఇంకా వేగంగా కరుగుతుంది. వాళ్లలో తలతిరుగుడు, చెమటలు లేకుండా చక్కెర 40, 50 అని రిపోర్టు వస్తే మొదట అనుమానించాల్సింది గొట్టాన్ని.

బూడిద మూత గొట్టాలు చాలావాటిలో పొటాషియం ఆక్సలేట్ ఉంటుంది. ఊదా మూత గొట్టాల్లో ఉండేది, రక్తం గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ పొటాషియం లవణం. వీటిలోంచి ఒక్క చుక్క పొరపాటున సీరం గొట్టంలో పడినా పొటాషియం దొంగ అంకె చూపిస్తుంది. ఈడీటీఏ కాల్షియాన్ని కూడా కట్టేస్తుంది కాబట్టి, పొటాషియం పైకీ కాల్షియం కిందకీ ఒకేసారి పోతే కల్తీ జరిగినట్టే. సీరం గొట్టం ముందు, ఊదా తర్వాత, బూడిద చివర అనే వరస పెట్టింది ఇందుకే. చేతికి పట్టీ బిగించి పిడికిలి ముడుస్తూ తెరుస్తూ ఉండమనే అలవాటు కూడా మంచిది కాదు. పనిచేసే కండరం పొటాషియాన్ని బయటికి వదులుతుంది.

ప్రోటాన్ల ఒత్తిడి

మైటోకాండ్రియా ఉన్న కణాల సంగతి వేరు. గ్లైకాలిసిస్ చివర వచ్చే పైరువేట్ మైటోకాండ్రియా లోపలి పొరను తనకంటూ ఉన్న ఒక వాహక ప్రొటీను ద్వారా దాటి, పైరువేట్ డీహైడ్రోజనేజ్ చేతికి చిక్కుతుంది. ఈ ఎంజైముకు థయమిన్, అంటే విటమిన్ బి1, తప్పనిసరి. అది లేకపోతే పైరువేట్ ముందుకు కదలదు, లాక్టేట్‌గా మారి పేరుకుపోతుంది. గుండె, నరాలు మొదట దెబ్బతింటాయి. అదే బెరిబెరి.

తెలుగువాళ్లకు ఈ జబ్బుతో పాత పరిచయం ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో బెరిబెరి పీడించిన ప్రాంతం మన కోస్తా సర్కారు జిల్లాలు. అక్కడ తినేది తవుడంతా పోయేలా మరపట్టిన పచ్చి బియ్యం. ఉప్పుడు బియ్యం తినే తమిళ జిల్లాల్లో ఆ జబ్బు అంతగా లేదు. వడ్లను నానబెట్టి ఉడికించేటప్పుడు తవుడులోని థయమిన్ నీటితో పాటు గింజ లోపలికి ఇంకుతుంది, తర్వాత పాలిష్ పట్టినా కొంత మిగులుతుంది. ఇప్పుడు బియ్యం వల్ల వచ్చే బెరిబెరి అరుదు గానీ, మద్యానికి బానిసలైనవాళ్లలో, వారాల తరబడి వాంతులయ్యేవాళ్లలో థయమిన్ కరవు తరచుగానే కనిపిస్తుంది. అలాంటి మనిషికి నేరుగా గ్లూకోజ్ సెలైన్ ఎక్కిస్తే మిగిలున్న కాస్త థయమిన్ కూడా ఖర్చయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. అందుకే థయమిన్ ఇంజెక్షన్ ముందుగా, లేదా కనీసం గ్లూకోజుతో పాటే ఇస్తారు.

పైరువేట్ నుంచి వచ్చిన ఎసిటైల్ కో-ఎ క్రెబ్స్ వలయంలో పడుతుంది. హాన్స్ క్రెబ్స్ 1937లో వివరించిన ఈ వలయం గురించి పరీక్షలకు ఎంత చదివినా, గుర్తుంచుకోవాల్సింది ఒకటే. అందులో నేరుగా పుట్టే ఏటీపీ తక్కువ. దాని అసలు పని ఎలక్ట్రాన్లను ఒలిచి ఎన్ఏడీహెచ్, ఎఫ్ఏడీహెచ్2 అనే వాహక అణువుల రూపంలో అందించడం.

ఆ ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపలి పొరలో వరసగా ఉన్న ప్రొటీన్ల సముదాయాల మీదుగా ప్రయాణించి చివరికి ఆక్సిజన్‌ను చేరి నీరవుతాయి. దారిలో విడుదలైన శక్తితో ఒకటో సముదాయం 4, మూడోది 4, నాలుగోది 2 ప్రోటాన్లను లోపలి నుంచి బయటికి తోస్తాయి. ఒక ఎన్ఏడీహెచ్‌కు 10 ప్రోటాన్లు. ఇలా తోయగా తోయగా పొరకు రెండు వైపులా 150 నుంచి 180 మిల్లీవోల్టుల తేడా నిలుస్తుంది. అంకె చిన్నదే, కానీ పొర మందం కొద్ది నానోమీటర్లే. అదే తీవ్రతను మీటరుకు లెక్కకడితే సుమారు 3 కోట్ల వోల్టులు. ప్రోటాన్లు తిరిగి లోపలికి రావడానికి ఉన్న ముఖ్యమైన దారి ఏటీపీ సింథేజ్. ప్రోటాన్లు అందులోంచి జారుతున్నప్పుడు దాని అడుగు చక్రం నిజంగానే తిరుగుతుంది. మనిషి మైటోకాండ్రియాలో ఆ చక్రానికి 8 ముక్కలు. 8 ప్రోటాన్లు జారితే ఒక చుట్టు, చుట్టుకు 3 ఏటీపీలు.

పొరకు రెండు వైపులా ఉన్న ఈ తేడాయే ఏటీపీని చేయిస్తోందని పీటర్ మిచెల్ 1961లో ప్రతిపాదించినప్పుడు చాలామంది నమ్మలేదు. మధ్యలో ఏదో అధికశక్తి గల రసాయనం ఉండే తీరాలని వెతికారు, ఎవరికీ దొరకలేదు. 1966లో ఆండ్రూ జాగెన్‌డార్ఫ్ బృందం వెలుతురుతో ఏటీపీ చేసే పాలకూర క్లోరోప్లాస్టులను పీహెచ్ 4 ఉన్న ద్రావణంలో నానబెట్టి, చీకట్లోనే ఒక్కసారిగా పీహెచ్ 8కి మార్చింది. వెలుతురు లేకుండానే ఏటీపీ పుట్టింది. ప్రోటాన్ల తేడా ఉంటే చాలని తేలిపోయింది. మిచెల్‌కు 1978లో నోబెల్ వచ్చింది.

ఒక గ్లూకోజుకు ఎన్ని ఏటీపీలు అన్న ప్రశ్నకు పాత పుస్తకాల్లో 36, 38 అని జవాబులుండేవి. ఇప్పుడు 30 నుంచి 32 అంటున్నారు. ఈ తేడాకు కారణం కూడా రవాణాయే. ఏటీపీ తయారయ్యేది మైటోకాండ్రియా లోపల, కావలసింది బయట. నాలుగు రుణావేశాలున్న ఏటీపీని బయటికి పంపి, మూడు రుణావేశాలున్న ఏడీపీని లోపలికి తేవాలి. ఫాస్ఫేటును ఒక ప్రోటాన్‌తో కలిపి లోపలికి తేవాలి. వీటన్నిటికీ కలిపి ఏటీపీకి ఒక ప్రోటాన్ ఖర్చు. సింథేజ్‌కు పట్టే 2.7 (8లో మూడో వంతు), ఈ ఒకటి కలిపితే ఏటీపీకి 4 ప్రోటాన్ల దగ్గర తేలుతుంది. 10ని 4తో భాగిస్తే ఎన్ఏడీహెచ్‌కు 2.5. పాత లెక్కలో 3 అని గుండుగుత్తగా వేశారు, రవాణా ఖర్చు వదిలేశారు.

ఈ వ్యవస్థ ఎక్కడ తెగితే ఏమవుతుందో విషాలు చూపిస్తాయి. సయనైడు, కార్బన్ మోనాక్సైడు నాలుగో సముదాయం దగ్గర ఆక్సిజన్ దారిని మూసేస్తాయి. డైనైట్రోఫినాల్ వేరే రకం. అది ప్రోటాన్లను సింథేజ్‌తో పనిలేకుండా పొర దాటించేస్తుంది, శక్తంతా వేడిగా పోతుంది. 1930లలో అమెరికాలో దీన్ని బరువు తగ్గే మందుగా అమ్మారు. ఒళ్లు కాలిపోయే జ్వరంతో మనుషులు చనిపోయారు. ఇంటర్నెట్లో ఇప్పటికీ దీన్ని కొనేవాళ్లున్నారు. దీనికి విరుగుడు లేదు. అదే పనిని పద్ధతిగా చేసే ప్రొటీను పసిపిల్లల గోధుమరంగు కొవ్వులో సహజంగానే ఉంది. వణకడం సరిగా రాని ఆ వయసులో ఒంటిని వెచ్చగా ఉంచేది అదే.

డెబ్బై గ్రాములు, నలభై కిలోలు

ఇన్నిసార్లు పేరెత్తిన ఈ ఏటీపీ తొలిసారి బయటపడ్డది 1929లో. జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా దాన్ని కండరంలోంచి వేరుచేశారు. 1895లో భీమవరంలో పుట్టిన సుబ్బారావు వైద్యం చదివింది మద్రాసు వైద్య కళాశాలలో, సెంట్రల్ స్టేషన్ ఎదురుగా ఇప్పటికీ నడుస్తున్న కాలేజీలోనే. ఏటీపీకి దారి తీసింది అంతకుముందు, 1925లో ఆ ఇద్దరూ ప్రకటించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి. మాలిబ్డేట్‌తో కలిపితే ఫాస్ఫేటు ఎంత ఉంటే అంత గాఢంగా నీలం రంగు వస్తుంది. ఆ కొలత చేతికి రావడంతో కండరంలో ఫాస్ఫేటు ఎక్కడెక్కడ ఏ రూపంలో దాగుందో వెతకగలిగారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, రెండేళ్లకు ఏటీపీ దొరికాయి. ఫిస్కే–సుబ్బారావు పద్ధతి అనే పేరు జీవరసాయన ప్రయోగశాలల్లో విద్యార్థులకు ఇప్పటికీ పరిచయమే. ఆ పేరులో రెండోవాడు మనవాడని తెలిసి చదివితే బాగుంటుంది.

ఒంట్లో ఏటీపీ ఎంతుంటుంది? కణాల లోపలి నీరు పెద్ద మనిషికి సుమారు 28 లీటర్లు. లీటరుకు 5 మిల్లీమోల్ వేసుకుంటే 0.14 మోల్, అంటే 70 గ్రాములు. ఊరికే పడుకున్న మనిషి నిమిషానికి 250 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడు, రోజుకు సుమారు 16 మోల్. ఒక్కో ఆక్సిజన్ అణువుకు దాదాపు 5 ఏటీపీలు వేసుకుంటే రోజుకు 80 మోల్, తూకంలో 40 కిలోలు. డెబ్బై గ్రాముల సరుకు రోజుకు ఐదారు వందలసార్లు విరిగి మళ్లీ అతుక్కుంటే తప్ప ఈ లెక్క పూర్తికాదు. ఏటీపీని నిల్వ అనడం అందుకే సరికాదు. గుండె ఆగిన కొద్ది నిమిషాల్లో మెదడు దెబ్బతినేది కూడా అందుకే. అక్కడ దాచుకున్నదంటూ ఏమీ లేదు.

పంపు

ఈ 40 కిలోల్లో ఒక్క ఖర్చే ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా తీసుకుంటుంది. సోడియం–పొటాషియం పంపు. ఒక ఏటీపీతో 3 సోడియం అయాన్లను బయటికి, 2 పొటాషియం అయాన్లను లోపలికి తోస్తుంది. కణం బయట లీటరుకు సోడియం 140 మిల్లీమోల్, పొటాషియం 4. లోపల సోడియం 12 ప్రాంతం, పొటాషియం 140. ఈ తేడా దానంతటది నిలబడదు, అనుక్షణం కారిపోతూనే ఉంటుంది, పంపు తోడుతూనే ఉంటుంది. మెదడులో అయితే ఖర్చయ్యే శక్తిలో సగం దాకా దీనికే. దీన్ని 1957లో పీత కాళ్ల నరాల్లో కనిపెట్టిన యెన్స్ స్కౌకు 1997లో రసాయన నోబెల్ ఇచ్చారు. ఆ ఏడు బహుమతిలో మిగతా సగం ఏటీపీ సింథేజ్ గుట్టు విప్పిన పాల్ బోయర్, జాన్ వాకర్‌లది. ఏటీపీ తయారయ్యే చోటునూ ఖర్చయ్యే చోటునూ ఒకే బహుమతి కింద చేర్చిన ఆ నిర్ణయం చాలా పాఠ్యపుస్తకాల కంటే తెలివైనది.

పంపు ఎందుకింత ముఖ్యం? కణం లోపల బయటికి పోలేని ప్రొటీన్లు కిక్కిరిసి ఉంటాయి, అవి నీటిని లోపలికి లాగుతాయి. సోడియాన్ని ఎప్పటికప్పుడు బయటికి నెట్టడం వల్లే ఆ లాగుడుకు సరిజోడు కుదురుతుంది. పంపు ఆగితే సోడియం, వెనకే క్లోరైడు, వాటి వెనకే నీరు లోపలికి వస్తాయి, కణం ఉబ్బుతుంది. పక్షవాతంలో మెదడుకు రక్తం ఆగిన కొద్ది నిమిషాల్లో జరిగేది ఇదే. డిఫ్యూజన్ ఎంఆర్ఐలో ఆ భాగం మెరుస్తూ కనిపించేది ఉబ్బిన కణాల మధ్య నీటి కదలిక తగ్గిపోయినందుకే.

గొట్టం చిక్కు ఇప్పుడు విడిపోతుంది. చలిలో ఎంజైములన్నీ మందగిస్తాయి. గ్లైకాలిసిస్ నెమ్మదించి చక్కెర మిగులుతుంది, పంపు కూడా నెమ్మదించి పొటాషియం కారిపోతుంది. వేడిలో పంపు హుషారుగా పొటాషియాన్ని లోపలికి లాగుతుంది, గ్లూకోజు అయిపోగానే ఏటీపీ లేక చతికిలబడుతుంది. కాబట్టి పొటాషియం గొట్టాన్ని నేరుగా ఐసులో పెట్టకూడదు, కారు డిక్కీలోనూ వదలకూడదు. 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంచి త్వరగా తిప్పాలి. బ్లడ్ బ్యాంకులో 2 నుంచి 6 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉన్న రక్తపు సంచుల్లోనూ ఇదే కారణంగా ప్లాస్మాలో పొటాషియం చేరుతూ పోతుంది. పెద్దవాళ్లకు ఒకటి రెండు సంచులతో ఇబ్బంది లేదు. పసికందుకు ఎక్కువ మొత్తంలో ఎక్కించాల్సి వస్తే వీలైనంత తాజా రక్తమే అడుగుతారు.

ఇదే పంపు వైద్యానికీ పనికొస్తుంది. కిడ్నీలు చెడిన రోగికి పొటాషియం ప్రమాదకరంగా పెరిగినప్పుడు 10 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్‌ను 25 గ్రాముల గ్లూకోజుతో కలిపి నరంలోకి ఇస్తారు. ఇన్సులిన్ పంపును ఉరకలెత్తిస్తుంది, గంటలోపు పొటాషియం కణాల్లోకి చేరుతుంది. గ్లూకోజు ఇచ్చేది చక్కెర పడిపోకుండా మాత్రమే, అయినా తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు చక్కెర చూస్తూనే ఉండాలి. పొటాషియం ఒంట్లోంచి పోలేదు, దాక్కుంది, అంతే. తీసేయాలంటే డయాలసిస్సో మరో దారో కావాలి.

పంపును మూసేసే విషం మన పెరళ్లలోనే ఉంది. పచ్చగన్నేరు గింజల్లోని గ్లైకోసైడ్లు గుండె కణాల పంపుకు అతుక్కుంటాయి. సోడియం లోపల పేరుకుంటుంది, దాని వెనక కాల్షియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. గుండె జబ్బుకు ఇచ్చే డిజాక్సిన్ మాత్ర పనిచేసేదీ ఇదే చోట, కొలత ప్రకారం. పిల్లలు ఆ కాయ కొరికారని ఏ కాస్త అనుమానం ఉన్నా ఇంటి వైద్యం చేయకుండా, ఈసీజీ చూడగల ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మొదటి గంటలు మామూలుగా కనిపించినా తర్వాత లయ తప్పవచ్చు. డిజాక్సిన్ వాడేవాళ్లకు మూత్రం ఎక్కువయ్యే మాత్రలు కూడా ఇస్తే పొటాషియం తప్పక చూసుకోవాలి. పంపు మీద చోటు కోసం డిజాక్సిన్, పొటాషియం పోటీపడతాయి. పొటాషియం తగ్గితే డిజాక్సిన్ మామూలు మోతాదులోనే విషమవుతుంది.

పేగులో పైట్యాంకు

చెన్నై ఇళ్లలో మోటారు సంపులోని నీటిని పైట్యాంకుకు ఎక్కిస్తుంది. ఆ తర్వాత కొళాయిలకు కరెంటు అక్కర్లేదు. చిన్నపేగు గోడ కణాలు సోడియంతో చేసే పని అదే. రక్తం వైపున్న పంపు ఏటీపీతో సోడియాన్ని తోడి, కణం లోపల దాన్ని తక్కువగా ఉంచుతుంది. పేగు వైపున్న ఎస్‌జీఎల్‌టీ-1 అనే ప్రొటీను, లోపలికి జారే 2 సోడియం అయాన్లతో పాటు ఒక గ్లూకోజును లాక్కొస్తుంది. గ్లూకోజు పేగులో ఎంత పలచగా ఉన్నా సరే, లోపలికి వచ్చేస్తుంది. సోడియం, గ్లూకోజు వెనక నీరు వస్తుంది.

రాబర్ట్ క్రేన్ 1960లో చెప్పిన ఈ జోడీ లెక్క మీదే ఓఆర్ఎస్ నిలబడింది. కలరా విషం పేగు కణంలో క్లోరైడు ద్వారాన్ని తెరిచిపెట్టేస్తుంది, క్లోరైడుతో నీరు లీటర్లకొద్దీ పేగులోకి పోతుంది. కానీ ఎస్‌జీఎల్‌టీ-1ను అది ముట్టుకోదు. పోయే దారి మూయలేకపోయినా, వచ్చే దారి తెరిచే ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో కిక్కిరిసిన బనగావ్ శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో పెట్టి తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి తగ్గాయి.

ఇప్పుడున్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. సోడియం 75, గ్లూకోజు 75 మిల్లీమోల్, సరిసమానం. మొత్తం ఆస్మొలారిటీ, అంటే నీటిలో కరిగిన అణువుల, అయాన్ల గాఢత, 245. రక్తం కంటే పలచన, కాబట్టి నీరు పేగులోంచి ఒంట్లోకే నడుస్తుంది. లీటరుకు 110 గ్రాముల పంచదార ఉన్న తీపి పానీయం సంగతి చూడండి. పేగులో అది గ్లూకోజు, ఫ్రక్టోజుగా విడిపోయాక 600 దాటుతుంది. సోడియం దాదాపు లేదు. ఫ్రక్టోజుకు సోడియం జోడీ అసలే లేదు. నీరు రక్తంలోంచి పేగులోకి వస్తుంది, విరేచనాలు పెరుగుతాయి. అట్టపెట్టెల్లో ఇలాంటి తీపినీళ్లు పోసి ఓఆర్ఎస్ పేరుతో ఏళ్ల తరబడి అమ్మారు, మందుల షాపుల్లోనే. పేరులో ఆ మాట వాడొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఎప్పుడో రావాల్సిన ఆదేశం అది. పెట్టె మీద బొమ్మ కాదు, వెనక సూత్రం చదివి కొనాలి.

పొట్లం కలపడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. లీటరు పొట్లాన్ని 200 మిల్లీలీటర్ల గ్లాసులో కలిపితే సోడియం 375కు, ఆస్మొలారిటీ 1,200 పైకి పోతుంది. పసిబిడ్డకు అది మూర్ఛలు తెప్పించగలదు. చిన్న గ్లాసుకు సరిపడే చిన్న పొట్లాలు విడిగా దొరుకుతాయి, రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి మీద రాసిన నీటి కొలత చూడాలి. కాస్త కాస్త పొడి తీసి అందాజుగా కలపకూడదు. కాచి చల్లార్చిన నీటిలో కలపాలి, కలిపాక మళ్లీ కాచకూడదు, 24 గంటలు దాటితే పారబోయాలి. పొట్లం దొరకకపోతే లీటరు నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా అంచుకు సమంగా గీసినవి. ఆరు చెంచాలంటే సుమారు 25 గ్రాములు. అందులో గ్లూకోజు సుమారు 73 మిల్లీమోల్ వస్తుంది, దాదాపు పొట్లంలో ఉన్నంతే. లేనిది పొటాషియం. ఉప్పు వేసిన గంజి దీనికి మంచి తోడు. పిండిపదార్థం నెమ్మదిగా గ్లూకోజుగా విడుతుంది కాబట్టి ఆస్మొలారిటీ పెరగదు. కొబ్బరినీళ్లలో పొటాషియం పుష్కలం, సోడియం తక్కువ. అదనంగా తాగొచ్చు గానీ ఓఆర్ఎస్‌కు బదులు కాదు.

రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దవాళ్లకు 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచా చెంచాగా మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్కసారిగా గ్లాసెడు పట్టిస్తేనే వాంతి అవుతుంది. తల్లిపాలు, అన్నం ఆపకూడదు. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల జింకు 14 రోజులు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు 10. బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోపలికి పోయినా, ఏమీ తాగలేకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా ఇంట్లో ఓఆర్ఎస్‌తో ఆగకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. అలాంటప్పుడు నరంలోకి సెలైన్ అవసరం కావచ్చు.